ఉపగ్రహానికి గుమ్మడికాయ కట్టిన రోజు

ఎనభైల నడుమ ఒక జూన్ ఒకటో తేదీ పూర్వాహ్నం తిరుపతి టీవీ రిలే కేంద్రంలో సహాయ ఇంజనీరుగా బాధ్యతలు స్వీకరించాను. పూర్వాహ్నం అన్నది రిజిస్టరు మాట. నేనెక్కిన బస్సుకు పాకాల దగ్గర టైరు పేలింది, చంద్రగిరి దగ్గర డ్రైవరుకు కండక్టరు మీద కోపం వచ్చింది, తిరుపతిలో దిగేసరికి సాయంత్రం నాలుగైంది. అయినా మా శాఖలో ఉద్యోగి ఎప్పుడు వచ్చినా పూర్వాహ్నమే వస్తాడు, ఎప్పుడు వెళ్ళినా అపరాహ్నమే వెళతాడు. ఈ రెంటికీ మధ్య ఏం చేశాడన్నది రాయడానికి రిజిస్టరులో గడి లేదు.

కేంద్రం తిరుచానూరు పోయే దోవలో, ఒక మామిడితోపు పక్కన ఉండేది. మా టవరు ఎంత ఎత్తంటే, కొండమీది దేవుడు ఎప్పుడైనా తల తిప్పి చూస్తే మొదట మేమే కనిపించి ఉంటామని నా నమ్మకం. చేసే పని మాత్రం చాలా సులువు. ఢిల్లీ వాళ్ళు బొమ్మను ఆకాశంలోకి పంపిస్తారు. భూమధ్యరేఖకు పైన ముప్పైఆరు వేల కిలోమీటర్ల ఎత్తున మన దేశపు ఉపగ్రహం ఒకటి దాన్ని అందుకుని కిందికి విసిరేస్తుంది. మేము పన్నెండు అడుగుల డిష్షు పట్టి, ఆ విసిరినదాన్ని ఏరుకుని, బలం పెంచి, ఊళ్ళోకి వదులుతాం. భూమి ఎంత వేగంగా తిరుగుతుందో ఆ ఉపగ్రహమూ అంతే వేగంగా తిరుగుతుంది కాబట్టి కింద నుంచి చూసేవాళ్ళకు ఒకేచోట కూర్చున్నట్టు ఉంటుంది. కదలకుండా కూర్చుని కూడా పని చేస్తున్నట్టు లెక్కలోకి రావడం ఆకాశంలో దానికొక్కదానికే సాధ్యపడింది. నేల మీద మా శాఖలో చాలామందికి అది వెన్నతో పెట్టిన విద్య.

ఉపగ్రహం కదలదు కాబట్టి డిష్షునూ కదిలించనక్కర్లేదు. ఒకసారి దానివైపు తిప్పి బోల్టులు బిగించేస్తే చాలు. డిష్షు ఎదుట మూడు కడ్డీల కొసన ఒక చిన్న డబ్బా నిలబడి ఉంటుంది. దాన్ని ఫీడు అంటాం. డిష్షు మీద పడిన సంకేతమంతా కూడుకుని ఆ డబ్బాలోకి పోతుంది. పాఠకులు ఇంతవరకు అర్థం చేసుకుంటే చాలు. నేను మూడేళ్ళు శిక్షణ పొంది అర్థం చేసుకున్నదీ ఇంతే.

దేశం మొత్తం మీద మా కేంద్రానికి జరిగినన్ని తనిఖీలు మరే కేంద్రానికీ జరిగి ఉండవు. పై అధికారులకు మా పరికరాల ఆరోగ్యం మీద అంత బెంగ. విచిత్రమేమంటే ఆ బెంగ ఎప్పుడూ సెలవుల్లోనే పుట్టేది, భార్యాపిల్లలతో సహా వచ్చేది, మొదట కొండ ఎక్కి తర్వాతే మా దగ్గరికి దిగేది. తనిఖీ చేసే చేతికి లడ్డూ జిడ్డు అంటుకుని ఉండటం వల్ల మా లాగ్ పుస్తకంలో కొన్ని పేజీలకు అవతలి పేజీ అక్షరాలు కూడా కనిపించేవి.

ఇక మునిరత్నం. పుత్తూరు పక్క పల్లె మనిషి, నలభై దాటినవాడు, తొమ్మిదేళ్ళుగా మా శాఖలో రోజుకూలీ మీద ఖలాసీ. నిచ్చెన ఎక్కడం, కేబులు లాగడం, జనరేటరు తిప్పడం, నేను చెడగొట్టినవి నాకు తెలియకుండా బాగుచేయడం అతని విధులు. అతని పేరు ఆ ఏడు పర్మినెంటు జాబితాకు ఎక్కింది. వయసు సడలింపు ఆ ఏటితో ఆఖరు. ఈసారి తప్పితే ఇక జన్మలో లేదు. జాబితా మీద సంతకం పెట్టాల్సింది ఎస్.ఈ., అంటే సూపరింటెండింగ్ ఇంజనీరు గారు. ఆయన నాకు మూడు హోదాల పైన. నాకూ ఆయనకూ ఉన్న దూరంతో పోలిస్తే ఉపగ్రహం పక్కవీధిలో ఉన్నట్టు.

ఆ ఏడు దసరా ముందుగానే వచ్చింది. ఆయుధపూజ నాడే ఏదో విదేశీ జట్టుతో అయిదు రోజుల టెస్టు మ్యాచి మొదలు. మామూలుగా మా ప్రసారం సాయంత్రాలే. పగలు కేంద్రం నిద్రపోతుంది, మేమూ దానికి తోడుంటాం. మ్యాచి ఉంటే మాత్రం పొద్దున్నే తెరవాలి. అదేరోజుకు ఎస్.ఈ. గారికి మా పరికరాల మీద బెంగ పుట్టింది. గంధం పూసిన కొత్త గుండుతో, సకుటుంబంగా తొమ్మిది గంటలకల్లా దిగారు.

మునిరత్నం అప్పటికే స్పానర్లు, నిచ్చెన, జనరేటరు, వోల్టుమీటరు అన్నిటికీ బొట్లు పెట్టేశాడు. నా జేబులోని కాలిక్యులేటరును కూడా వదల్లేదు. ఆ తర్వాత కొన్నాళ్ళు ఏడో అంకె నొక్కినప్పుడల్లా నా వేలు ఎర్రబడేది. చివరికి ఒక బూడిదగుమ్మడికాయకు సున్నం బొట్లు, కుంకుమ పెట్టి, నల్లతాడుతో ఉట్టిలా అల్లి, నిచ్చెన వేసుకుని వెళ్ళి ఫీడు కడ్డీకి వేలాడదీశాడు.

"వాకిలికి గదా కట్టాల్సింది?" అన్నాను.

"అది మనుషులొచ్చే వాకిలి సార్. బొమ్మొచ్చే వాకిలి ఇదిగదా. మన మొగాలకి దిష్టెవురు పెడతారు? పెడితే బొమ్మకే పెట్టాల."

వాదనలో నాకు లోపం కనిపించలేదు. ఇంజనీరుగా మీటరు కూడా చూశాను. కాయ కట్టకముందు ముల్లు ఎక్కడుందో, కట్టిన తర్వాతా అక్కడే ఉంది. పన్నెండు అడుగుల డిష్షుకు ఒక గుమ్మడికాయ నీడ ఏనుగు మీద వాలిన ఈగ. ఎస్.ఈ. గారు స్వయంగా కొబ్బరికాయ కొట్టారు. నిచ్చెన రెండు మెట్లెక్కి గుమ్మడికాయకు తన చేత్తో కుంకుమ పెట్టారు. విజ్ఞానమూ సంస్కృతీ చేయి చేయి పట్టుకు నడవాలని మా నలుగురినీ ఉద్దేశించి, నాలుగువేల మంది సభకు సరిపడా ఉపన్యాసమిచ్చారు. ప్రసాదం బొరుగులు, పుట్నాలు, బెల్లం. "సార్, కింద పరిచేదానికి కాయితాలుంటే ఇయ్యండి" అన్నాడు మునిరత్నం. నా బల్ల మీద 'చూసినవి' అని రాసిన ట్రేలో పైనున్న నాలుగు కాగితాలు తీసి ఇచ్చాను. నా ఔదార్యం గురించి కాసేపాగి చెబుతాను.

పన్నెండున్నర కావస్తోంది. మన బ్యాట్స్‌మన్ తొంభై ఎనిమిది పరుగుల మీద ఉన్నాడు. తిరుపతిలో ఆ క్షణాన క్షురకులు కత్తులు ఆపేశారనీ, సగం గుండ్లతో భక్తులు లాడ్జీలలో టీవీల ముందు నిలబడ్డారనీ తర్వాత విన్నాను. ఎస్.ఈ. గారు మా మానిటరు ముందు ఒక కుర్చీలో కూర్చుని, ఇంకో కుర్చీలో కాళ్ళు పెట్టి తనిఖీ చేస్తున్నారు. బొమ్మ మీద నాలుగు తెల్లచుక్కలు పడ్డాయి. తర్వాత నలభై. తర్వాత చుక్కలే మిగిలాయి, బొమ్మ పోయింది.

ఇలాంటప్పుడు చేయాల్సిన పనులకు ఒక వరస ఉంది. మొదట కరెంటు చూడాలి. తర్వాత రెండో రిసీవరుకు మార్చాలి. తర్వాత కేబులు చూడాలి. ఏదీ తేలకపోతే 'అంతరాయానికి చింతిస్తున్నాము' అనే పలక తెర మీద పెట్టి నిజంగానే చింతించాలి. నేను నాలుగూ చేశాను. ఈలోగా ఫోను. రైల్వేస్టేషను ఎదుట లాడ్జి నడిపే చెంగల్రాయుడు. హాల్లో రంగుల టీవీ పెట్టుకుని, ఆ టీవీకి మమ్మల్ని జవాబుదారీ చేసిన మనిషి.

"ఏమప్పా ఇంజనీరూ! వాడాడ తొంబైఎనిమిది మీదుండాడు, మీరు బొమ్మను యాడికి మింగేసినారు? ఈడ ముప్పైమంది నా మీదికొస్తాండారు!"

ఎస్.ఈ. గారు బయటికి వచ్చి, చెయ్యి అడ్డం పెట్టుకుని డిష్షు వైపు చూశారు. జీవితంలో మొదటిసారి గుమ్మడికాయను చూస్తున్న మనిషిలా మొహం పెట్టారు.

"ఏమిటది?"

"మీరు కుంకం పెట్టిందే సార్" అన్నాడు మునిరత్నం.

ఆ మాట నిజమే కానీ అనవలసినది కాదు. ఎస్.ఈ. గారి గుండు మీది గంధం ఎర్రబడింది. వెంటనే తీసేయమన్నారు. మునిరత్నం నిచ్చెనెక్కాడు. పూజ చేసిన కాయ తాడును కత్తితో కోయకూడదని ఏడు ముళ్ళూ ఒక్కొక్కటే విప్పసాగాడు. నేను కింద నిచ్చెన పట్టుకుని నిలబడ్డాను. ఫీడు నీడ సరిగ్గా డిష్షు నడిబొడ్డున, గీత గీసి పెట్టినట్టు పడి ఉంది. ఆ నీడకు అర్థమేమిటో శిక్షణలో మొదటి వారమే చెప్పారు. నేను దాన్ని తదేకంగా చూసి, 'అబ్బా, ఏం ఎండ!' అనుకున్నాను.

ఏడో ముడి విప్పుతుండగా లోపలి నుంచి కేక, బొమ్మ వచ్చిందని. పరుగెత్తి చూశాం. బ్యాట్స్‌మన్ వంద కొట్టి, బ్యాటు పైకెత్తి, మళ్ళీ దించేసి కూడా ఉన్నాడు. ఊరు ఊరంతా చూడాల్సిన ఆ రెండు పరుగులూ చూసినవాడు తిరుపతిలో ఒక్కడూ లేడు.

కాయ తీయగానే బొమ్మ వచ్చింది. ఇంక విచారణ ఎందుకు? ఎస్.ఈ. గారు ట్రంకు కాల్ చేసి ప్రధాన కార్యాలయానికి అక్కడికక్కడే నివేదిక చదివేశారు. "ఫీడు ఎదుట అనుమతి లేకుండా వేలాడదీసిన కూరగాయ వల్ల" ప్రసారానికి అంతరాయం కలిగిందనీ, బాధ్యుడైన ఖలాసీ పేరు జాబితా నుంచి తొలగిస్తున్నామనీ. తొమ్మిది గంటల నుంచి పన్నెండున్నర దాకా అదే కాయ ఉన్నా బొమ్మ ఎందుకు పోలేదని నేను నసిగాను. గుమ్మడికాయ నిండా నీళ్ళేననీ, ఎండకు ఆ నీళ్ళు వేడెక్కి సంకేతాన్ని తాగడం మొదలుపెడతాయనీ ఆయన వివరించారు. అంత నమ్మకంగా చెప్పిన అబద్ధపు భౌతికశాస్త్రం నేను కాలేజీలో కూడా వినలేదు.

మునిరత్నం మామిడిచెట్టు నీడలో గుమ్మడికాయను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"తొమ్మిదేండ్లు సార్. పాము కరిచినప్పుడు కూడా నాగా పెట్టలేదు. ఇప్పుడు ఇంటికి పొయ్యి ఏమని చెప్పేది? గుమ్మడికాయ కట్టినాను, ఉద్యోగం ఊడిందని చెప్పేదా? మా ఇంటిది నవ్వుతాదో ఏడస్తాదో కూడా తెలీదు."

నేను లోపలికి పోయి బొరుగులు తినడం మొదలుపెట్టాను. దుఃఖంలో నాకు ఆకలెక్కువ. బొరుగులు అయిపోయాయి, పుట్నాలు అయిపోయాయి, అడుగున బెల్లంముద్ద మిగిలింది. దాన్ని లేపితే కింద అంకెల పట్టిక.

ఉపగ్రహాన్ని అదుపుచేసే కేంద్రం నుంచి నెల ముందే వచ్చిన సర్క్యులరు అది. ఏటా రెండుసార్లు, రాత్రీ పగలూ సమానమయ్యే రోజుల దాపున, సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వస్తాడు. డిష్షు ఉపగ్రహం వైపు చూస్తోందంటే అప్పుడు సూర్యుడి ముఖంలోకి చూస్తున్నట్టే. సూర్యుడి రేడియో రొదలో ఉపగ్రహం గొంతు వినపడదు. ఏడెనిమిది నిమిషాల తర్వాత సూర్యుడు పక్కకు జరుగుతాడు, బొమ్మ దానంతటదే వస్తుంది. దాన్ని సౌర అంతరాయం అంటాం. ఏ ఊరికి ఏ రోజు ఎన్ని గంటలకో ముందే లెక్కగట్టి పంపుతారు. తిరుపతికి నాలుగు రోజులు రాసి ఉంది. మొదటి రెండు రోజులూ పగలు మా కేంద్రం మూసి ఉంది కాబట్టి పోయిన సంగతి ఎవరికీ తెలియలేదు. మూడోది ఆయుధపూజ, పన్నెండు ఇరవైఆరు నుంచి ఎనిమిది నిమిషాలు. నాలుగోది మర్నాడు, విజయదశమి. కాగితం మూలన 'చూశాను' అని నా పొడి సంతకం. దాని పక్కనే కుంకుమ బొట్టు. భారతదేశ సమాచార రంగ చరిత్రలో పూజలందుకున్న సర్క్యులరు అదొక్కటే అయి ఉంటుంది.

నిజం చెప్పాలంటే, మొదట ఆ కాగితాన్ని కూడా నమిలేద్దామనుకున్నాను. బెల్లం అంటి ఉంది, కష్టమేమీ కాదు. ఇది చూపిస్తే మునిరత్నం బతుకుతాడు, నా సంతకం నన్ను చంపుతుంది. అరగంట ఆలోచించాను. అరగంటా కిటికీలోంచి ఒళ్ళో గుమ్మడికాయతో ఆ మనిషి కనిపిస్తూనే ఉన్నాడు. కిటికీ ఇంకోవైపు కట్టి ఉంటే ఈ వ్యాసం మరోలా ఉండేది.

గెస్ట్‌హౌసులో ఎస్.ఈ. గారు లడ్డూలు భాగాలు పెట్టిస్తున్నారు. కాగితం చదివారు. వెనక్కి తిప్పి చదివారు. నా సంతకం చదివారు. వేలికంటిన బెల్లం నాకి, నివేదిక వెళ్ళిపోయిందనీ, ట్రంకు కాల్లో చెప్పినదాన్ని వెనక్కి తీసుకునే ఫారం మన శాఖలో లేదనీ అన్నారు. అయినా తాను న్యాయమూర్తి లాంటి మనిషి కనుక, రేపు కాయ లేకుండా కూడా సరిగ్గా ఆ వేళకే బొమ్మ పోతే ఆలోచిస్తానన్నారు.

మర్నాడు పన్నెండింటికే డిష్షు ముందు జనం. ఎస్.ఈ. గారు, ఆయన సతీమణి, ఫోనులో తిడితే తృప్తి చాలక స్వయంగా వచ్చిన చెంగల్రాయుడు, మునిరత్నం. నేను ఈసారి నీడనే పట్టుకున్నాను. ఫీడు నీడ డిష్షు మీద అంగుళం అంగుళంగా పాకుతూ నడిమికి వస్తోంది. అది నడిమికి రాగానే బొమ్మ పోతుందని ప్రకటించాను. ఇరవైఆరు అయింది. నీడ నడుమకు చేరింది. లోపల మానిటరు మీద చుక్కలు కురిశాయి, బొమ్మ పోయింది. గెలీలియో కూడా ఆ క్షణంలో నాకు కుర్చీ వేసేవాడు.

నేను ఛాతీ విరుచుకుని తిరిగేసరికి చెంగల్రాయుడు ఎస్.ఈ. గారితో మాట్లాడుతున్నాడు.

"నేనప్పుడే అనుకున్నా సార్. పూజ చేసి కట్టిన గుమ్మడికాయను ఒక పూటన్నా ఉంచకుండా ఇప్పేస్తే బొమ్మ నిలస్తాదా? పోకుండా ఎట్లుంటాది?"

సతీమణి గారు అవునన్నట్టు తల ఊపారు. రాత్రి నుంచీ తన మనసు కీడు శంకిస్తూనే ఉందన్నారు. నేను నీడ అన్నాను, సూర్యుడన్నాను, పట్టిక అన్నాను. చెంగల్రాయుడు నా వైపు జాలిగా చూసి, "సూర్యుడు రోజూ ఉండాడు గదప్పా. గుమ్మడికాయ నిన్ననే గదా పాయ" అన్నాడు. ఎనిమిది నిమిషాలు కాగానే బొమ్మ వచ్చింది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

ఎస్.ఈ. గారు మాత్రం లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నారు. ఆయన కష్టం నాకు అర్థమైంది. కాయ ఉంటే బొమ్మ పోయిందని నిన్న రాశారు. ఇవాళ కాయ లేకపోయినా పోయింది. సూర్యుడిదే తప్పని రాస్తే నిన్నటి తన నివేదిక తప్పవుతుంది. సూర్యుడికి మెమో ఇవ్వడానికి ఆయన హోదా చాలదు. గంట తర్వాత బయటికి వచ్చి టైపు చేయించిన ఉత్తర్వును నేను ఇప్పటికీ మా శాఖ సాహిత్యంలో ఉత్తమ రచనగా భావిస్తాను.

నిన్నటి అంతరాయానికి కారణం వస్తువు కాదు, వస్తువును ఉంచిన స్థానం అని అందులో ఉంది. కనుక దాన్ని ఇకపై కేంద్రం ముఖద్వారానికే కట్టాలి. ఆదేశం అందిన ఎనిమిది నిమిషాల్లోనే ప్రాణాలకు తెగించి ఎత్తుకెక్కి అడ్డంకి తొలగించి ప్రసారాన్ని పునరుద్ధరించిన ఖలాసీ మునిరత్నం అభినందనీయుడు. అతని పేరు జాబితాలో యథాతథంగా ఉంచడమైనది. శాఖాపరమైన పత్రాన్ని చదవకుండా సంతకం చేసి, ఆపై దాన్ని ప్రసాదం కింద వినియోగించిన సహాయ ఇంజనీరుకు మెమో జారీ చేయడమైనది.

మునిరత్నం ఇంగ్లీషులో ఉన్న ఆ అభినందనను నాచేత రెండుసార్లు చదివించుకున్నాడు.

"సార్, నేను ఆఖరి ముడి ఇప్పకముందే బొమ్మొచ్చేసింది గదా?"

"వచ్చింది."

"మరి ఇందులో నేను తెప్పించినానని ఉండాదే?"

"సంతకం పెట్టప్పా, సిరా ఆరిపోతోంది" అన్నాను. పెట్టాడు. పెట్టిన సంతకం మీద ఊదుకుంటూ చాలాసేపు నిలబడ్డాడు. ఆ సాయంత్రం ద్వారానికి కొత్త గుమ్మడికాయ కట్టాడు. మూడోరోజు పన్నెండు ఇరవైఆరుకు అందరం మానిటరు ముందు ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. పట్టిక ప్రకారం సూర్యుడు అప్పటికే ఉపగ్రహాన్ని దాటి దక్షిణానికి జరిగిపోయాడు. బొమ్మ అద్దంలా నిలిచింది. చెంగల్రాయుడు ఫోను చేసి, "సూసినావా అప్పా, వాకిలికి కట్టినాకనే గదా కుదురుకున్నాది!" అన్నాడు. నేను అవునన్నాను. మెమో అప్పటికే జేబులో ఉంది. రెండోది దాచుకోవడానికి ఇంకో జేబు లేదు.

తర్వాత ఎన్నో కేంద్రాలలో పనిచేసి, మొన్నామధ్య స్వచ్ఛంద విరమణ తీసుకున్నాను. మునిరత్నం పర్మినెంటై, పరీక్ష రాసి టెక్నీషియన్ అయ్యాడు. డిష్షు నడుమ సున్నంతో ఒక చుట్టు గీసి, ఫీడు నీడ దానిదగ్గరికి రాగానే చెంగల్రాయుడికి ముందే ఫోను చేసేవాడట. లాడ్జి హాల్లో పలక మీద 'ఈ దినం ఎనిమిది నిమిషాలు బొమ్మ లేదు' అని రాసేవారట. ద్వారం మీది గుమ్మడికాయను ఏటా మార్చడం ఆ కేంద్రం వార్షిక నిర్వహణ పనుల పట్టికలో ఉంది. ఎవరు చేర్చారో, ఏ ఉత్తర్వు ప్రకారం చేర్చారో నాకు తెలుసు.

ఈ ఉదంతం వల్ల ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళకు నేను చెప్పగలిగింది రెండు ముక్కలు. 'చూశాను' అని రాసేముందు చూడాలి. బొమ్మ పోయినప్పుడు కరెంటు, రిసీవరు, కేబులు అన్నీ తర్వాత, ముందుగా బయటికి వెళ్ళి ఫీడు నీడ ఎక్కడ పడిందో చూడాలి. నడుమ పడి ఉంటే అది ఆకాశం పని. ఆ సంగతి ఎవరూ చూడకపోతే, అక్కడ నిలబడినవాళ్ళలో అందరికంటే చిన్న ఉద్యోగి ఎవరో వెతికి తప్పు అతని పేరున రాస్తారు. దానికి ఎనిమిది నిమిషాలు కూడా పట్టదు.